కాపు అయిపోయిన మొక్కను పీకాలా, కోయాలా, వదిలేయాలా?

రథసప్తమి దాటేదాకా మా ఇంట్లో చిక్కుడు పాదు జోలికి ఎవరూ వెళ్ళరు. ఆ రోజు రథం చేయడానికి కాయలు కావాలి, పరమాన్నం పెట్టడానికి ఆకులు కావాలి. పండగ అయిన పది రోజులకు డాబా ఎక్కి చూస్తే పాదు సంగతి తేలిపోతుంది. కింది ఆకులు పసుపు తిరిగి ఉంటాయి. చివర్లకు నల్లగా పేనుబంక పట్టి ఉంటుంది. పందిరి మీద మిగిలినవి ముదురు కాయలే. పక్కన గ్రో బ్యాగుల్లో, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే సంచుల్లో, టమాటా కాళ్ళు ఈడుస్తూ ఉంటుంది, బెండ ఆకుల్లో ఈనెలు పసుపు తిరిగి ఉంటాయి. విశాఖలో మురళీనగర్ అయినా, ఎంవీపీ కాలనీ అయినా, గాజువాక అయినా, మాఘం చివర డాబా తోటలన్నీ ఇంచుమించు ఇలాగే కనిపిస్తాయి.

సరిగ్గా ఈ రోజుల్లోనే మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: ఇప్పుడు వీటినేం చేయాలి? వేళ్ళతో సహా పీకి మట్టిని ఎండబెట్టమని ఒకరు చెబుతారు. పీకితే మట్టిలో జీవం పోతుంది, మొదలు దగ్గర కోసి వేరు లోపలే వదిలేయమని ఇంకొకరు చెబుతారు. అసలు ముట్టుకోవద్దు, ఎండిన ఆకులు కప్పి వదిలేయమనేవాళ్ళూ ఉన్నారు. కొత్తగా తోట మొదలుపెట్టినవాళ్ళకు ఇది నిజంగా టెన్షనే. ఆ ముగ్గురూ తమ అనుభవం మీదే చెబుతున్నారు. ఎవరి తోటలో ఏ జబ్బు ఉందో, ఎవరిది నేలో, ఎవరిది బ్యాగో చెప్పకుండా సలహా ఒక్కటే చేతులు మారడంతో గందరగోళం మొదలవుతోంది.

మంచు లేని ఊళ్ళో సీజన్ ఎలా ముగుస్తుంది

తోట శుభ్రం చేయడం గురించి మనం చూసే వీడియోల్లో చాలావరకు చలి దేశాలవి. అక్కడ అక్టోబరులోనో నవంబరులోనో ఒక రాత్రి మంచు పడుతుంది. టమాటా, వంగ, బెండ తెల్లారేసరికి వడిలి నల్లబడతాయి. సీజన్ ఒక్క రాత్రితో ముగుస్తుంది. ఆ తర్వాత కొన్ని నెలలు నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పురుగుల్లో కొంత భాగం చలికే చస్తుంది.

విశాఖ నగరంలో ఆ పని చేసే చలి రాదు. లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగిన రోజున కూడా ఇక్కడ రాత్రి 16, 17 డిగ్రీలుంటే చలి బాగా ఉందనుకుంటాం. ఆ చలికి టమాటా చావదు, తెల్లదోమా చావదు. ఇక్కడ శీతాకాలపు కాపును ఆపేది వేడి. పగలు 32 నుంచి 35 డిగ్రీలు, రాత్రి 21 నుంచి 24 డిగ్రీలు దాటాక టమాటా పూతలో పుప్పొడి సరిగా పనిచేయదు, పూలు పిందె కట్టకుండానే రాలిపోతాయి. విశాఖలో ఏప్రిల్ రాత్రులు 25 దాటే ఉంటాయి. మార్చి చివరి నుంచి టమాటాకు ఎంత నీళ్ళు పోసినా, ఎంత ఎరువేసినా కాయ రాకపోవడానికి కారణం ఇదే. మొక్క బతికే ఉంటుంది, కాయడం మాత్రం మానేస్తుంది.

కాయని మొక్క బతికి ఉండటమే మన దగ్గర అసలు చిక్కు. పురుగుకు కాయతో పనిలేదు, పచ్చటి ఆకు చాలు. పాత పంట మీద బతికిన తెల్లదోమ, నల్లి, పిండినల్లి కొత్త నారు వచ్చేదాకా ఆ మొక్క మీదే కాలక్షేపం చేసి నేరుగా దాని మీదికి దాటుకుంటాయి. చలి దేశాల్లో మంచు ఈ వరసను తెంచుతుంది. మనకు తెంచేది ఎండ, లేదంటే మనమే.

జబ్బు ఎక్కడ దాక్కుంటుంది: మూడు చోట్లు

పీకాలా, కోయాలా అన్నది తేలాలంటే ముందు ఆ మొక్కను పట్టిన జబ్బు దేంట్లో బతుకుతుందో తెలియాలి. నాకు అర్థమైనంతలో మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉంది.

కొన్ని జబ్బులు బతికున్న మొక్కలోనే బతుకుతాయి. బెండకు వచ్చే పల్లాకు తెగులు, అంటే ఆకు ఈనెలు పసుపు తిరిగి కాయలు పాలిపోయే జబ్బు, ఒక వైరస్ వల్ల వస్తుంది. దాన్ని మోసేది తెల్లదోమ. టమాటా ఆకుముడత వైరస్ కూడా అంతే. మొక్క ఎండిపోతే ఆ వైరస్ కథ ముగిసినట్టే. ఎండిన బెండ కాడలో నుంచి అది మట్టిలోకి పాకదు. కాబట్టి ఇలాంటి మొక్క వేరు మట్టిలో ఉన్నా ఫర్వాలేదు, పైభాగం పచ్చగా నిలబడి ఉండటమే ప్రమాదం. మొదలుకు కోసి వదిలేసిన బెండ మళ్ళీ చిగురేస్తే ఆ చిగురులోనూ వైరస్ ఉంటుందని గుర్తుంచుకోవాలి.

కొన్ని రాలిన చెత్తలో బతుకుతాయి. వంగలో కొమ్మను, కాయను తొలిచే పురుగు ఎదిగాక కిందికి దిగి, రాలిన ఆకుల్లోనో మొక్క మొదట్లోనో గూడు కట్టుకుంటుంది. ఆనప, బీర, కాకర పిందెల్ని పాడుచేసే పండు ఈగ పిల్లలు కుళ్ళిన కాయలోంచి బయటికొచ్చి మట్టిలో పైపైనే కోశ దశలో (పురుగు ఈగగా మారే దశ) ఉండి, వారం పది రోజుల్లో ఈగలై లేస్తాయి. ఇక్కడ మొక్కను పీకామా కోశామా అన్నదానికన్నా కింద పడిన పిందెల్ని ఏం చేశామన్నది ముఖ్యం. పాదు మొత్తం తీసేసి, కుళ్ళిన నాలుగు కాకరకాయల్ని కుండీ పక్కనే వదిలేస్తే పండు ఈగకు మనం చేసిన నష్టం ఏమీ లేదు.

మూడో రకం మట్టిలోనే కాపురం ఉంటుంది. వేళ్ళకు ముడులు కట్టే నులిపురుగులు (నెమటోడ్లు), బాక్టీరియా ఎండు తెగులు ఈ రకం. పైన ఎంత శుభ్రం చేసినా ఇవి అలాగే ఉంటాయి. పీకడం, కోయడం గురించి జరిగే వాదనలో అసలు తేడా వచ్చేది వీటి దగ్గరే.

ఈ మూడింటికీ లొంగని మినహాయింపు ఒకటుంది. టమాటా, మిర్చి, పొగాకు మొక్కలకు వచ్చే పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ ఏళ్ళ తరబడి బతికి ఉండగలదు, చేతులకు, కత్తెరకు అంటుకుని పక్క మొక్కకు పోతుంది. వైరస్ అన్నది ఏదైనా మొక్క ఎండితే చస్తుందని గంపగుత్తగా చెప్పడానికి వీల్లేనిది ఇందుకే.

వేరు చేతికి వస్తే కనిపించేవి

మూడేళ్ళ కిందట నేను కాపు అయిపోయిన టమాటాలన్నిటినీ మొదలుకు కోసేశాను. తర్వాత ఆ బ్యాగుల మట్టంతా డాబా మీద ఒక్కచోట గుమ్మరించి, పశువుల ఎరువు కలిపి, మళ్ళీ అన్ని బ్యాగుల్లో నింపాను. జూన్‌లో పెట్టిన బెండ, వంగ, టమాటా ఒక్కటీ ఎదగలేదు. మధ్యాహ్నం వడిలేవి, సాయంత్రానికి తేరుకునేవి. నీళ్ళు చాలడం లేదనుకుని ఇంకా పోశాను. ఆగస్టులో ఒక బెండ మొక్కను పీకి చూస్తే వేరంతా పసుపు కొమ్ములా ఉబ్బి ముడులు ముడులుగా ఉంది. ఒకటో రెండో బ్యాగుల్లో ఉన్న నులిపురుగును నేనే చేతులారా ఇరవై బ్యాగులకు పంచాను. పాత మొక్కల్ని పీకి ఉంటే ఆ ముడులు ఫిబ్రవరిలోనే కనబడేవి.

అప్పటి నుంచి పీకిన ప్రతి వేరును బకెట్ నీళ్ళలో జాడించి చూస్తాను. చూడాల్సిన తేడా ఇది. చిక్కుడు, బొబ్బర్లు, గోరుచిక్కుడు వేళ్ళకు కూడా బుడిపెలుంటాయి. అవి మంచివి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే బాక్టీరియా ఉండే గదులవి. అవి వేరుకు పక్కన అంటించిన పూసల్లా ఉంటాయి, బొటనవేలితో రుద్దితే ఊడి వస్తాయి. మొక్క బాగా పెరిగే రోజుల్లో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటుంది. కాపు చివర్లో అయితే గోధుమ రంగుకు తిరిగి డొల్లగా ఉంటాయి. నులిపురుగు ముడి అలా కాదు, వేరే ఉబ్బి ముడి అవుతుంది. రుద్దితే ఊడదు, లాగితే వేరు తెగుతుంది. టమాటా, వంగ, బెండ, ఆనప వేళ్ళకు సహజంగా బుడిపెలు ఉండవు కాబట్టి వాటిలో ఏ ముడి కనిపించినా అనుమానించాల్సిందే.

ఈ నులిపురుగు ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది. మన ఊరి వెచ్చటి మట్టిలో దాని జీవిత చక్రం నెల రోజుల్లోపే తిరిగిపోతుంది. ముడులున్న వేరును లోపల వదిలేయడమంటే ఆ గుడ్ల సంచిని మట్టిలో భద్రంగా దాచినట్టే.

బాక్టీరియా ఎండు తెగులు గుర్తు వేరు. నిన్నటిదాకా నిగనిగలాడిన వంగ లేదా టమాటా, ఆకు పచ్చగా ఉండగానే, ఒక్కసారిగా వాలిపోతుంది. నీళ్ళు పోసినా లేవదు. దీనికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. మొదలు దగ్గరి కాడను అడ్డంగా కోసి, ఒక గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, కోసిన చివర నీళ్ళలో తగిలేలా కదలకుండా పట్టుకోవాలి. ఈ తెగులుంటే కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి దారం సాగినట్టు పాలలాంటి ద్రవం కిందికి జారుతుంది. ఆ దారమంతా బాక్టీరియానే. దారం రాకపోతే కారణం ఇంకేదో, వేరుకుళ్ళో మరో శిలీంధ్రమో అయి ఉండొచ్చు. మొదటిసారి ఆ దారాన్ని చూసిన రోజున వంటింట్లో గ్లాసు పట్టుకుని నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మొక్క ఎందుకు పోయిందో అంత స్పష్టంగా కళ్ళెదుట కనిపించడం అరుదు.

చిక్కుడు వేరు వదిలేస్తే నత్రజని ఎంత మిగులుతుంది

కోసి వదిలేయమనే వాళ్ళు తరచూ చెప్పే కారణం ఒకటుంది: చిక్కుడు జాతి వేళ్ళలో నత్రజని ఉంటుంది, పీకితే దాన్ని పారేసినట్టే అని. ఇందులో నిజం ఉంది గానీ చెప్పినంత లేదు. ఆ బుడిపెలు పట్టిన నత్రజని వేళ్ళలో నిల్వ ఉండదు, ఆకుల్లోకి, అక్కడి నుంచి కాయల్లోకి, గింజల్లోకి పోతుంది. గింజలో మాంసకృత్తులు ఉన్నాయంటే ఆ నత్రజని అక్కడికి చేరిందనే అర్థం. మూడు నెలలు కాయలు కోసుకుని కూర వండుకున్నాక వేరులో మిగిలేది కొద్ది భాగమే. పచ్చిరొట్ట పైర్లను, అంటే ఎరువు కోసమే పెంచే పైర్లను, గింజ కట్టకముందే, పూత దశలో కలియదున్నేది ఇందుకే.

అలాగని వేరు వదలడం దండగ కాదు. కుళ్ళిన వేరు మట్టిలో సన్నటి దారులు వదులుతుంది, వాటిలోంచి గాలి, నీళ్ళు దిగుతాయి. కాకపోతే వేరు కుళ్ళాలంటే తడి ఉండాలి. మొక్కను కోసి, ఆ బ్యాగును నీళ్ళు పోయకుండా మూలన పెడితే వేరు కుళ్ళదు, ఎండి కొయ్యలా ఉంటుంది. జూన్‌లో తవ్వితే అలాగే చేతికొస్తుంది.

నేలలో, బ్యాగులో జరిగేది ఒకటి కాదని ఇక్కడే చెప్పుకోవాలి. పెరట్లో టమాటా వేరుకు చుట్టూ చోటుంటుంది. 12 అంగుళాల బ్యాగులో అయితే నాలుగు నెలల్లో వేళ్ళు గోడల చుట్టూ చుట్టుకుని మట్టిని గడ్డలా పట్టేస్తాయి. పెరటి అనుభవంతో చెప్పిన ‘వేరు వదిలేయండి’ అన్న మాట బ్యాగుకు అచ్చంగా సరిపోనిది అందుకే.

ఎండబెట్టాలా, కప్పి ఉంచాలా: రెండు వాదాలు

మన రాష్ట్రంలో ఈ రెండు వాదాలకూ గట్టి వెనుదన్ను ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో వేసవి దుక్కులు చేయమని చెబుతున్నారు. రబీ పంట తీశాక నేలను లోతుగా దున్ని ఎండకు విప్పితే, లోపలున్న కోశాలు, గుడ్లు, కలుపు వేళ్ళు పైకొచ్చి ఎండకు చస్తాయి, పక్షులు ఏరుకుతింటాయి. రోహిణి కార్తె ఎండకు నేల కాగితే పైరుకు మంచిదని పెద్దవాళ్ళు అనేదీ ఈ మాటే.

రెండో వైపు ప్రకృతి వ్యవసాయం ఉంది. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న కార్యక్రమంలో ఒక ముఖ్య సూత్రం, నేలను ఏడాదిలో 365 రోజులూ పచ్చగా కప్పి ఉంచడం. వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు, అంటే అనేక రకాల విత్తనాలు కలిపి చల్లుతారు. విప్పిన నేలలో ఎండకు సేంద్రియ పదార్థం తగ్గుతుంది, వేళ్ళకు తోడుండే శిలీంధ్రాలు ఆకలితో పోతాయి, మొదటి వానకే పైమట్టి కొట్టుకుపోతుంది అన్నది వీరి వాదన. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో వాన నీరు ఎర్రమట్టిని ఎలా కోసిందో చూసినవాళ్ళకు ఆ చివరి మాట బాగా అర్థమవుతుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలుగా కనిపిస్తాయి. నిజానికి ఒకటి జబ్బున్న నేలకు చెప్పే వైద్యం, రెండోది ఆరోగ్యంగా ఉన్న నేలకు పెట్టే తిండి. ఎండ జబ్బునూ చంపుతుంది, మేలు చేసే జీవుల్లో కొన్నింటినీ చంపుతుంది. జబ్బు లేని మట్టికి ఆ నష్టం పెట్టాల్సిన పనిలేదు. జబ్బున్న మట్టి మీద ఆకులు కప్పి తడి నిలిపితే, నులిపురుగుకు కావలసిన చల్లదనం, తడి మనమే ఇచ్చినవాళ్ళమవుతాం. నా వరకు నేను వేరు చూడకుండా ఈ రెండింట్లో ఏదీ ఎంచుకోను.

ఎండబెట్టడంలోనూ రెండు పద్ధతులున్నాయి. మట్టిని ఊరికే ఎండలో పరచడం ఒకటి. తడి మట్టి మీద పలుచటి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి అంచులు మూసేయడం రెండోది. దీన్ని సోలరైజేషన్ అంటారు. ఇజ్రాయెల్‌కు చెందిన శాస్త్రవేత్త కటాన్, ఆయన తోటివారు 1976లో దీని మీద పరిశోధన ప్రచురించారు. నాలుగు నుంచి ఆరు వారాలు, ఏడాదిలో అత్యంత వేడి రోజుల్లో అలా ఉంచాలి. మట్టి తడిగా ఎందుకుండాలంటే, తడి వేడిని లోపలికి మోస్తుంది, పైగా తడిలో మేలుకున్న క్రిములు వేడికి తొందరగా లొంగుతాయి. షీటు నల్లదైతే వేడంతా అదే పీల్చుకుంటుంది. పారదర్శకమైతే ఎండ మట్టిదాకా పోయి, వేడి మాత్రం లోపలే చిక్కుకుంటుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

విశాఖకు ఇందులో ఒక లోటు, ఒక లాభం ఉన్నాయి. సముద్రపు గాలి వల్ల మనకు రాయలసీమ అంత ఎండ ఉండదు, మే నెలలో కూడా పగటి వేడి 35 అటూ ఇటూగా ఉంటుంది. కానీ డాబా స్లాబు కింది నుంచి కాలుతుంది. నేల మీద పరిచిన షీటు కింద వేడి పైపైన ఆగిపోతే, డాబా మీద పలుచగా పరిచిన మట్టికి రెండు వైపుల నుంచీ వేడి తగులుతుంది.

ఇరవై బ్యాగుల డాబా: ఒక లెక్క

అంకెల్లో చూస్తే విషయం తేలికవుతుంది. ఒక డాబా మీద 12 అంగుళాల బ్యాగులు 20 ఉన్నాయనుకుందాం. ఒక్కోదాంట్లో దాదాపు 20 లీటర్ల మట్టి పడుతుంది. మొత్తం 400 లీటర్లు. నీళ్ళు పీల్చుకున్నాక లీటరు కిలో దాటుతుంది కాబట్టి వానాకాలంలో అది అర టన్నుకు దగ్గర. అందులో ఆరు టమాటా, నాలుగు వంగ, మూడు బెండ, రెండు మిర్చి, మూడు చిక్కుడు, రెండు బచ్చలి.

మొత్తం మట్టిని ఎండబెట్టాలనుకుంటే, 15 సెంటీమీటర్ల మందాన పరిచినప్పుడు 400 లీటర్లకు 2.7 చదరపు మీటర్లు, అంటే 29 చదరపు అడుగుల షీటు, దాన్ని మోసి పరిచే ఒళ్ళు కావాలి. ఇప్పుడు వేళ్ళు చూద్దాం. టమాటాల్లో నాలుగింటికి ముడులున్నాయి, రెండు శుభ్రం. వంగలో ఒకటి వాలిపోయింది, గ్లాసు పరీక్షలో దారం వచ్చింది, మిగతా మూడు బాగున్నాయి. బెండ మూడింటికీ పల్లాకు తెగులుంది గానీ వేళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి. మిర్చి, చిక్కుడు, బచ్చలిలో లోపం లేదు.

అంటే మట్టిలో జబ్బున్నవి ఐదు బ్యాగులు. 100 లీటర్లు, 7 చదరపు అడుగుల షీటు. మూడో వంతు కూడా కాదు, నాలుగో వంతు పని. బెండ పైభాగం తెల్లదోమతో సహా తీసేస్తే చాలు, ఆ మట్టి మంచిదే. మిగతా పదిహేను బ్యాగుల మట్టిని ఈ ఐదింటితో కలపకపోవడమే ఈ లెక్కలో అన్నిటికన్నా విలువైన అంకె. వాలిన వంగ బ్యాగు మట్టి ఎండబెట్టినా, దాంట్లో మళ్ళీ వంగ, టమాటా, మిర్చి పెట్టడం కొన్నేళ్ళు మానుకోవడం మంచిది. ఆ బాక్టీరియా మట్టిలో ఏళ్ళ తరబడి ఉండగలదు.

పంట మార్పిడి అన్న మాటకు కూడా ఇక్కడ మెలిక ఉంది. వంగ, టమాటా, మిర్చి ఒకే కుటుంబం. వాటి తర్వాత బెండ పెడితే మార్చినట్టే కదా అనుకుంటాం. ఎండు తెగులు విషయంలో అది నిజం. నులిపురుగు విషయంలో మాత్రం కాదు, దానికి బెండ వేరు మహా ఇష్టం. నేను మూడేళ్ళ కిందట చేసిన తప్పులో సగం ఇదే. నులిపురుగుకు పనికొచ్చే మార్పు బంతి. దాని వేళ్ళలోని పదార్థం నులిపురుగును అణచుతుంది. అయితే టమాటా పక్కన ఒక బంతి మొక్క పెడితే ఆ పని జరగదు. ఆ మట్టిలోనే బంతిని ఒత్తుగా రెండు మూడు నెలలు పెంచాలి. వేప పిండి కూడా నులిపురుగును తగ్గిస్తుంది, పైగా నత్రజని ఇస్తుంది. అది ఎండకు తోడుగా వాడేదే తప్ప ఎండకు బదులు కాదు.

పీకిన చెత్త ఎక్కడికి పోవాలి

చాలామంది చేయి కంపోస్టు డబ్బా వైపు వెళ్తుంది. జబ్బు క్రిములు చావాలంటే కంపోస్టు లోపల 55 డిగ్రీల పైన వేడి కనీసం మూడు రోజులు నిలవాలి. అంత వేడి పుట్టాలంటే కుప్ప దాదాపు మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. డాబా మీద పెట్టుకునే 20 లీటర్ల పెయింట్ డబ్బాలో వేడి పుట్టినట్టే పుట్టి గోడల్లోంచి పోతుంది. మీ కంపోస్టు ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి థర్మామీటరు అక్కర్లేదు. అది వేసిన కుండీల్లో టమాటా మొలకలు గుంపుగా వస్తున్నాయంటే విత్తనాలు కూడా చావనంత చల్లగా ఉందన్నమాట. విత్తనం బతికిన చోట నులిపురుగు గుడ్డు బతకదని నమ్మలేం.

అందుకే ముడులున్న వేళ్ళు, దారం వచ్చిన కాడలు, మొజాయిక్ అనుమానం ఉన్న మొక్కలు డబ్బాలోకి పోకూడదు. పల్లాకు తెగులు బెండ, బూడిద తెగులు ఆనప తీగ ఎండాక పోవచ్చు. ఎండిన కాడల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కూరగాయ తొక్కల్లాంటి తడి సరుకు కలపకపోతే నెలలు గడిచినా అవి కాడలుగానే ఉంటాయి. అలాంటి కాడల్ని ముక్కలు చేసి నేరుగా కుండీ మట్టిలో కలిపితే ఇంకో ఇబ్బంది. వాటిని కుళ్ళబెట్టే క్రిములు మట్టిలోని నత్రజనిని ముందు తాము వాడుకుంటాయి, పక్కనున్న నారు పసుపు తిరుగుతుంది.

కాల్చేయడం పాత అలవాటు. సంక్రాంతికి ముందే ఎండిన కంది కంప, వంగ మోళ్ళు భోగి మంటలో వేయడం మనలో చాలామందికి తెలుసు. జబ్బు పోతుందనడంలో అనుమానం లేదు. ఊళ్ళో ఇళ్ళ మధ్య ఇప్పుడది కుదిరే పని కాదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు తోట చెత్తను విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో అప్పగించమన్నాయి. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది డిసెంబరులో ఆదేశించింది. జబ్బు మొక్కల్ని నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి రెండు మూడు వారాలు డాబా ఎండలో ఉంచి, పూర్తిగా మాడాక సంచి తీసేసి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బండికి విడిగా ఇవ్వడం నేను పాటిస్తున్న దారి. పుచ్చిన కాయలకూ ఇదే. సంచిలోంచి ఈగ బయటికి రాలేదు.

పాత మట్టిలో పేరుకునే ఉప్పు

ఏ జబ్బూ లేకుండానే మొక్కలు నీరసించే బ్యాగులు కొన్ని ఉంటాయి. బ్యాగు అంచున, మట్టి పైన తెల్లటి పొడి కనిపిస్తే అది ఉప్పు. సముద్రానికి దగ్గరి కాలనీల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండటం మామూలే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. దానికి ఎండ మందు కాదు, ఎండబెడితే ఉప్పు ఇంకా పైకి తేలుతుంది. మంచి నీళ్ళు బ్యాగు మట్టికి రెండింతలు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వాలి, లేదా మొదటి రెండు మూడు వానలకు బ్యాగును విప్పి పెట్టాలి. వాన ఉప్పుతో పాటు నత్రజనిని కూడా కడిగేస్తుంది కాబట్టి ఎరువు ఆ తర్వాతే వేయడం దండగ కాకుండా ఉంటుంది.

ఖాళీ అయిన కుండీలు, డబ్బాలు బోర్లించి పెట్టకపోతే జూన్ వానకు వాటిలో నీళ్ళు నిలుస్తాయి. డెంగ్యూ దోమకు అంత నీళ్ళు చాలు.

తీయకూడని మొక్కలు

సీజన్ అయిపోయిందని అన్నిటినీ ఒకే రోజు పీకేయడం మన వాతావరణంలో నష్టం. ఆరోగ్యంగా ఉన్న వంగను నేల నుంచి జానెడు ఎత్తున కోసి, ఎరువు వేసి, పొద్దున్నే నీళ్ళు పోస్తుంటే మళ్ళీ చిగురించి కాస్తుంది. చెరకు నరికిన మొదళ్ళ నుంచే మళ్ళీ కార్శి తోట పెంచినట్టే ఇదీ. మిర్చి కూడా మధ్యాహ్నం కొంచెం నీడ దొరికితే వేసవి దాటుతుంది. బచ్చలికి, దొండకు సీజన్ ముగింపు అన్నదే లేదు. పై లెక్కలోని ఇరవై బ్యాగుల్లో మూడు వంగ, రెండు మిర్చి, రెండు బచ్చలి కలిపి ఏడు బ్యాగులు అసలు ఖాళీ చేయాల్సిన పనే లేదు. అయితే ఆకులు చిన్నవై గుబురుగా, పూత లేకుండా ఉన్న వంగ ఉంటే అది వెర్రి తెగులు. దాన్ని ఎంత కోసినా మళ్ళీ అదే గుబురు వస్తుంది, కాబట్టి ఈ ఏడింట్లో దాన్ని కలపకూడదు.

ఈ ఏడాది మా డాబా మీద ఇప్పటికి షీటు కింద మూడు బ్యాగుల మట్టి ఉంది. చిక్కుడు కాయలు కొన్ని పందిరి మీదే ఎండనిచ్చాను. కాయ కదిపితే లోపల గింజ గలగలమంటోంది, ఈ వారం వలిచి డబ్బాలో పోయాలి.